ఎవరి విస్తరి వాళ్ళది

కలకత్తాలో ఎర్రజెండా రాజ్యం వచ్చి అప్పటికి పాతికేళ్ళు కావస్తోంది. కాబట్టి అక్కడ కులం లేదు. లేదని మృత్యుంజయ నివేదికలో రాశాడు కూడా. దక్షిణాఫ్రికాలో జాతివివక్షకు వ్యతిరేకంగా జరగబోయే అంతర్జాతీయ మహాసభకు రాష్ట్ర ప్రభుత్వం తరఫున సన్నాహాలన్నీ చూసే పని ఆయనది. అన్ని శాఖలవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి, చేపల ఫ్రై తినిపించి, ఎవరిచేతా ఏమీ చెప్పించకుండా నివేదిక రాయడం మాటలా? అంత చాకిరీ చేసినవాడికి ఆ మహాసభకు వెళ్ళాలని ఉండదూ? ఉంది, ప్రాణం పోయేటంత ఉంది. బృందంలో మిగిలిన ఒక్క చోటూ ఢిల్లీ అధికారి జానకిరామ్ చేతిలో ఉంది.

జానకిరామ్ కూడా మృత్యుంజయలాగే తెలుగువాడే. ఏర్పాట్లు చూడటానికి కలకత్తా వచ్చాడు. వెంట మహాసభ కార్యాలయం నుంచి నలేది అనే దక్షిణాఫ్రికా ఆవిడ వచ్చింది. మృత్యుంజయ ఇద్దర్నీ భోజనానికి పిలిచి, పిలిచాక తల్లి కామాక్షమ్మకు చెప్పాడు. ఏ కులమో ఏమిటో తెలియని మనిషికి ఇంటి కంచంలో పెట్టేది లేదని ఆవిడ తెగేసి చెప్పింది. మృత్యుంజయ బజారు నుంచి అరిటాకులు తెప్పించాడు. ఆకులో వడ్డిస్తే అతిథికి మర్యాద, అమ్మకు మడి. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగిపోతుంది.

నేలమీద ఆకులు వేస్తే నలేది మురిసిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పనిమనిషి కాసులమ్మ కూడా కూర్చుంటేనే తింటానంది. కాసులమ్మది శ్రీకాకుళం వైపు, కాపురం హౌరా అవతల టికియాపారా బస్తీలో. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఎంగిళ్ళెత్తుతోంది గానీ కూర్చుని తిన్నది లేదు. కామాక్షమ్మ మొహం మాడిపోయింది. జానకిరామ్ చూస్తున్నాడు. మృత్యుంజయ చచ్చినట్టు ఇంకో ఆకు వేయించాడు.

ఆకులో తినడం నలేదికి కొత్త. కాసులమ్మ ఎలా చేస్తే అలా చేసింది. ఆవిడ పులుసుకు అన్నంతో గట్టు కడితే తనూ కట్టింది. మజ్జిగన్నం అయ్యాక కాసులమ్మ లేచి, పుట్టిబుద్ధెరిగిన అలవాటు కొద్దీ తన విస్తరి తనే మడిచి ఎత్తుకుంది. నలేదీ తన ఆకు మడవబోయింది.

తిన్న విస్తరి తామే ఎత్తుకోమని మనవైపు ఎవరికి చెబుతారో అందరికీ తెలుసు. మృత్యుంజయ ఒక్క గెంతున వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మీరు ఎత్తకూడదన్నాడు ఇంగ్లీషులో.

"మరి ఆవిడెందుకు ఎత్తింది?" అంది నలేది.

నివేదికలో దీనికి జవాబు లేదు. మరుక్షణం మృత్యుంజయ నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఆవిడ మా ఇంటి మనిషండీ. ఇంటివాళ్ళు ఎవరి విస్తరి వాళ్ళే ఎత్తుకుంటారు."

నలేది చూపు నెమ్మదిగా మృత్యుంజయ విస్తరి మీదికి వెళ్ళింది. అది మునక్కాడ పిప్పితో సహా అక్కడే ఉంది.

జానకిరామ్ పెదవి కొరుక్కుని, ఆ ముక్క పొల్లుపోకుండా కాసులమ్మకు తెలుగులో చెప్పాడు. ఆమె చేతిలో విస్తరితో అలాగే నిలబడి, "నిజిమేటి బాబూ?" అని అడిగింది. మృత్యుంజయ తలూపాడు. జన్మలో మొదటిసారి వంగి తన విస్తరి ఎత్తాడు. మడవడం రాక పులుసు చొక్కా మీద కారింది.

కారెక్కుతూ జానకిరామ్ ఆయన భుజం తట్టాడు. ఇంత తడుముకోకుండా చెప్పగలవాడే అక్కడ కావాలని, పేరు ఖాయం చేసేస్తానని అన్నాడు. మృత్యుంజయ సిగ్గుపడాల్సిన మాట అది. కానీ ఆయనకు రాత్రంతా సంతోషంతో నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున పెసరట్లు తిని, కంచం వదిలేసి ఆఫీసుకు వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి కంచం అక్కడే ఉంది, చట్నీ ఎండి, చీమలు పట్టి. మంచం మీద కామాక్షమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ కంచమూ కదల్లేదు. మృత్యుంజయ కోపంగా కాసులమ్మను పిలిచి, మరిచిపోయావా అని అడిగాడు.

"మరిసిపోనేదు బాబూ. ఇంటోలు ఎవులది ఆలే ఎత్తుకుంతారని తమరే గదా సెప్పినారు. నాను తిన్న కంచం నాను కడిగీసుకున్నాను."

వంటింటి అలమరలో ఇంటి కంచాల మధ్య ఒకటి ఇంకా తడిగా ఉంది. నలేది ఊళ్ళోనే ఉంది, పేరు కాగితం మీదికి ఇంకా ఎక్కలేదు. మృత్యుంజయ తన కంచం ఎత్తాడు, తర్వాత తల్లిదీ ఎత్తాడు. కాసులమ్మ పక్కకు జరిగి కుళాయి దగ్గర ఆయనకు చోటిచ్చింది.