పద్దెనిమిది వందల గడ్డం

గడ్డం గీయడానికి పద్దెనిమిది వందలు. నున్నటి చెక్క పలక మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అంతే ఉంది.

"మామయ్యా, ఆ బోర్డు దిక్కు చూడకున్రి," అన్నాడు సాయి కిరణ్ నా మోచెయ్యి పట్టుకుని. "కూపన్ ఆఫీసోళ్లు ఇచ్చిన్రు. మనకు పైస ఖర్చు లేదు."

సాయి కిరణ్ మా అల్లుడు. వరంగల్ కుర్రాడు, ఇక్కడ కలకత్తాలో సెక్టార్ ఫైవ్ ఐటీ ఆఫీసుల్లో ఉద్యోగం. వాళ్ల ఆఫీసువాళ్లు ఇచ్చిన కూపన్ ఇద్దరికి. కానీ గీయించుకునేది నేనొక్కణ్ణే. అతని ముఖం మీద రెండు నెలల గడ్డం ఉంది. దాన్ని ముట్టుకునే హక్కు అతనికి లేదు.

మా అమ్మాయి చిన్నికి ఏడో నెల. భార్య కడుపుతో ఉంటే ఐదో నెల నుంచీ భర్త గడ్డం గీసుకోకూడదని మా వైపు ఒక పట్టింపు. ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు. చిన్ని పాటిస్తోంది. కలకత్తా ఉక్కకి సాయి కిరణ్ గడ్డం కింద పొక్కులు లేచాయి, చీము పట్టాయి. చర్మం డాక్టరు గడ్డం తీసేసి మందు రాయమన్నాడు. చిన్ని వద్దంది.

శుక్రవారం పొద్దున కాఫీల దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"డాక్టరేమో తియ్యమంటడు, నువ్వేమో వద్దంటవు. నేనెవరి మాట వినాలె?"

"నీకేం, పుండ్లు ఇవాళ కాకపోతే రేపు మానతాయి. లోపల వీడికేమన్నా అయితే?" అని చిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా. ఆ రోజు నువ్వు గీసుకోకుండా ఉంటే?"

నేను కాఫీ గ్లాసు పట్టుకుని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను. ఒక్క మాట చెబితే ఆ పిల్ల భయం తగ్గేదేమో. ఆ మాట ముప్ఫై ఏడేళ్లుగా నా దగ్గరే ఉంది. చెప్పాలంటే వాళ్లమ్మ పేరు ఎత్తాలి. వాళ్లమ్మ పోయి పద్నాలుగు నెలలు. లేని మనిషి మీద అలాంటి మాట ఎలా పెట్టడం?

చిన్నికి ముందు మాకొక మగబిడ్డ. అప్పట్లో హౌరా పక్కన లిలువాలో ఉండేవాళ్లం. మా మామగారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, వాళ్ల క్వార్టర్సుకి రెండు వీధులవతల మా అద్దె ఇల్లు. నేను బ్యాంకులో గుమాస్తాని. నా భార్య దుర్గాంబకి ఏడో నెల, నాకు గుబురు గడ్డం. "రామనాథ్‌బాబూ, సన్యాసం ఎప్పుడు పుచ్చుకుంటున్నారు?" అని మేనేజరు రోజూ వేళాకోళం చేసేవాడు. అంతలో ఆఫీసరు ప్రమోషన్‌కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మా అమ్మ పక్కింటివాళ్లతో పూరీ వెళ్లి ఉంది. అమ్మ తిరిగొచ్చేసరికి నా ముఖం నున్నగా ఉంది.

"ఏటిరా నాయనా, కడుపుతో ఉన్నదాన్ని ఇంట్లో ఎట్టుకుని కత్తి ఎట్టించుకున్నావా?"

హౌరా స్టేషన్ ఎదురుగా సెలూన్‌లో గీయించుకున్నానని చెప్పాను. తొమ్మిది రోజుల తర్వాత బిడ్డ కదలడం ఆగిపోయింది. బొడ్డుతాడు మెడకి చుట్టుకుందన్నాడు డాక్టరు. అమ్మ డాక్టరు మాట వినలేదు. బతికినన్నాళ్లూ ఆ సెలూన్ మాట ఎత్తుతూనే ఉంది. చిన్నికి ఊహ తెలిశాక చిన్నికీ చెప్పింది: మీ నాన్న కత్తి పట్టించుకున్నాడు, నీ అన్న దక్కలేదు.

సెలూన్ మాట అబద్ధం. నిజం నాకూ దుర్గాంబకీ తెలుసు.

"మేషోమశాయ్, రండి, కూర్చోండి," అని బెంగాలీలో బాబాయి వరస కలిపి పిలిచాడు షాపతను. యాభై ఏళ్లుంటాయి. నల్ల ఏప్రన్ మీద సంజయ్ అని ఇంగ్లీషులో కుట్టి ఉంది. అతని బెంగాలీలో బిహారు యాస వినిపిస్తోంది. కుర్చీ తోలుది, వెనక్కి వాల్చితే మంచమంత. అద్దాల అలమరాలో బ్రష్షులు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మెడలో ధర కట్టిన చీటీ. సబ్బుకి కర్ర గిన్నె. వెండిరంగు రేజర్ ధర చూసి సాయి కిరణ్ ఫోన్ తీసి, ఇంటర్నెట్‌లో అదే రేజర్ ఎంతో వెతకడం మొదలుపెట్టాడు.

వేడి తువ్వాలు ముఖం మీద పడింది. నిమ్మగడ్డి వాసన. బాగుంది, కాదనను. కానీ ఇంట్లో గిన్నెడు నీళ్లు మరిగిస్తే ఇంతే వేడి. బ్రష్షు చెంపల మీద తిరుగుతుంటే దుర్గాంబ గిన్నెలో నురగ కలిపే చప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల నాన్నకి వర్క్‌షాపులో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తనకి పదేళ్లప్పటి నుంచీ ఆయనకి గడ్డం గీసింది దుర్గాంబే. మంగలిషాపుకి వెళ్లడం కన్నా కూతురి ముందు కూర్చోవడమే ఆయనకి ఇష్టంగా ఉండేదట. ఆ చేతివాటం నాకు కట్నం కింద వచ్చిందని నేను అంటే, "ఉప్పెక్కువైందని వంక పెట్టేటప్పుడు ఇది గుర్తుండదు కాబోలు," అనేది.

సంజయ్ నా కుడివైపు నిలబడి రేజర్ ఎత్తాడు. నేను ముఖం తిప్పాను. రెండు వేళ్లతో గడ్డం పట్టుకుని మెల్లగా రెండో వైపుకి తిప్పాడు. ఒక గీత గీశాడు. నేను మళ్లీ మొదటివైపుకే తిరిగాను. మళ్లీ సరిచేశాడు. మూడోసారి చెయ్యి ఆపి అద్దంలో నన్ను చూశాడు.

"మేషోమశాయ్, మీకు రోజూ గీసే మనిషిది ఎడమచేతి వాటమా?"

అద్దంలో అతని వైపు చూశాను.

"నేను కుడివైపు ఉంటే మీరు ఎడమ చెంప ఇస్తున్నారు. ఆ మనిషి ఇటువైపు నిలబడతాడన్నమాట. చాలా ఏళ్ల అలవాటు. లేకపోతే మెడ దానంతటది తిరగదు."

"నా భార్య," అన్నాను. "రోజూ కాదు, ఆదివారాలు. ఇప్పుడు లేదు."

అయ్యో అనలేదతను. ఎన్నేళ్లని అడగలేదు. ఒక్క క్షణం రేజర్‌ని తువ్వాలుకి తుడిచాడు. తర్వాత కుర్చీ చుట్టూ నడిచి వచ్చి నా ఎడమవైపు నిలబడ్డాడు. అది అతని చేతికి అనువైన చోటు కాదు. మోచెయ్యి పైకెత్తి, నడుము వంచి, సగం వంకరగా నిలబడి మొదలుపెట్టాడు. "మీరు మీ అలవాటు ప్రకారమే ఉండండి," అన్నాడు.

పద్నాలుగు నెలల్లో నా ముఖాన్ని మరొక మనిషి చెయ్యి తాకడం అదే మొదలు. కళ్లు మూసుకున్నాను. కళ్ల కొసల్లోంచి కారిన తడిని అతను సబ్బు తుడిచినట్టుగా తుడిచేశాడు.

అలా కళ్లు మూసుకుని ఉండగా లిలువా వరండా కనపడింది. బిడ్డ పోయిన నలభయ్యో రోజు, ఆదివారం. నా గడ్డం మళ్లీ పెరిగింది. తీసే ధైర్యం లేదు నాకు. దుర్గాంబ పీట వేసింది, గిన్నె తెచ్చింది, మా అమ్మ ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతుండగా నా ఎడమవైపు వచ్చి నిలబడింది. రేజర్ ఆనించింది. చెవి కింద తెగింది. పటిక అద్ది మళ్లీ గీసింది. అమ్మ చేట వదిలేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. ముప్ఫై ఆరేళ్లు. ఇదంతా నామీద ప్రేమ అనుకున్నాను. ప్రేమే. కానీ అంతకన్నా పెద్ద పని ఏదో చేసిందని పద్దెనిమిది వందల కుర్చీలో పడుకుంటేగాని నాకు తోచలేదు. బిడ్డని మోసిన మనిషే కత్తికి భయపడనని వారం వారం చేసి చూపించింది. నేను మాత్రం ఆవిడని కాపాడుతున్నాననుకుని, సెలూన్ అబద్ధాన్ని పెంచి పెద్దచేసి కూతురికి అప్పగించాను.

లేచేటప్పుడు అలమరాలోంచి ఒక బ్రష్షు ఇమ్మన్నాను. రెండు వేల ఆరొందలు.

"మామయ్యా! ఆన్‌లైన్ల మూడొందలకు దొరుకుతది," అని సాయి కిరణ్ చెవిలో గుసగుసలాడాడు.

"దొరుకుతుంది. ఇతని దగ్గరే కొంటాను," అన్నాను. అతనికేం అర్థం కాలేదు. బ్రష్షుకి అంత విలువ లేదని నాకూ తెలుసు. తువ్వాలుకీ లేదు, నిమ్మగడ్డి వాసనకీ లేదు. కుర్చీ చుట్టూ నడిచి వచ్చిన ఆ నాలుగు అడుగులకి ధర ఎంతో ఆ పలక మీద రాయలేదు.

ఇంటికొచ్చేసరికి చిన్ని సోఫాలో కాళ్లు చాపుకుని ఉంది. "అబ్బ, పెళ్లికొడుకు వచ్చాడు," అంది. నేను పక్కన కూర్చుని బ్రష్షు డబ్బా ఆ అమ్మాయి ఒళ్లో పెట్టాను. సాయి కిరణ్ చెప్పులు విడుస్తున్నాడు.

"చిన్నీ, ఆ రోజు నేను ఏ సెలూన్‌కీ వెళ్లలేదు. మీ అమ్మే గీసింది."

చిన్ని కాళ్లు దించి లేచి కూర్చుంది.

"నేను వద్దన్నాను. మగాడు మంగలి దగ్గరికి వెళ్లకూడదన్నారు గాని పెళ్లాం గీయకూడదని ఎవరన్నారు, కూర్చోండి, అంది. నవ్వుకుంటూ గీసింది. తర్వాత నానమ్మ నన్ను తిడుతుంటే నిజం చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదు. ఏం తప్పు లేని మనిషికి జీవితాంతం ఆ మాట పడే అవసరం లేదనుకున్నాను."

"అమ్మే గీసిందా?" అంది చిన్ని. "అయితే అమ్మ... తన వల్లే అనుకుందా?"

"అనుకుని ఉండొచ్చు. నాకు చెప్పలేదు. కానీ నలభయ్యో రోజునే మళ్లీ గీసింది. నువ్వు చూశావుగా ఆదివారాలు."

"చూశాను. పీట మీద నువ్వు, నీ పక్కన అమ్మ. నేను నురగ వేలికి పూసుకునేదాన్ని."

"నువ్వు పుట్టాక చూశావు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా గీసింది. ఐదో నెల, ఏడో నెల, తొమ్మిదో నెల. ఒక్క ఆదివారం మానలేదు. నీ కడుపంత కడుపేసుకుని, వంగలేక, నన్నే పీట మీద దిండు వేసుకుని కూర్చోమనేది. నానమ్మ ఇది మాత్రం నీకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది."

చిన్ని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. ఏడవలేదు. గోడ మీద వాళ్లమ్మ ఫొటో వైపు చూసి, "దిండు వేసుకునా?" అని అడిగి, అడిగాక ఏడ్చింది. సాయి కిరణ్ ఒంటికాలి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి బాల్కనీలో కుర్చీ పడింది. దుర్గాంబ రేజర్ సొరుగులోనే ఉంది. కొత్త బ్లేడు నేను వేసి ఇచ్చాను. సాయి కిరణ్ గడ్డాన్ని ముందు కత్తెరతో కత్తిరించి, కొత్త బ్రష్షుతో నురగ రాసింది చిన్ని. చెయ్యి రెండుసార్లు ఎత్తి రెండుసార్లు దించింది. మూడోసారి ఆనించింది.

"మెల్లగనే! చంపుతవా ఏంది?"

"నోరు ముయ్యి, సబ్బు లోపలికి పోతుంది. పొక్కుల మీద వద్దులే, చుట్టూ తీస్తాను."

"మీ అమ్మ మీ నాన్నతోని ఇట్లనే మాట్లాడిందా?"

"ఇంకా గట్టిగా," అన్నాను నేను పేపరు చాటునుంచి.

గంట పట్టింది. ఒక చెంప కన్నా ఒక చెంప ఎక్కువ ఎర్రబడింది. సాయి కిరణ్ అద్దం చూసుకుని, బాగుందనడానికి ధైర్యం చాలక మందు రాసుకోవడానికి లోపలికి వెళ్లాడు. చిన్ని రేజర్ కడుగుతూ నా ముఖం కేసి వంగి చూసింది.

"నాన్నా, పద్దెనిమిది వందలు తీసుకుని చెవి కింద వదిలేశాడేంటి? నాలుగు వెంట్రుకలు అలాగే ఉన్నాయి."

"అక్కడ మచ్చ ఉంది. తెగుతుందని వదిలేసి ఉంటాడు."

"ఏదీ, కదలకు."

గిన్నెలో మిగిలిన నురగ వేలితో తీసి పూసింది. చల్లారిపోయింది. నేను ముఖం తిప్పాను.

"అటు కాదు నాన్నా," అంది చిన్ని, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటూ. "నేను ఇటువైపు ఉన్నాను."