పెదవులు కదిపితే చాలు

ఆ పిల్ల వీధి మలుపు దగ్గర నిలబడి "నాన్నా!" అని కేకేస్తే బస్సులో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్ళు. అందుకే ఇంట్లో అందరూ ఆమెను గంట అనేవాళ్ళు. నాలుగో తరగతి చదువుతోంది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసేది.

వాళ్ళ ఇల్లు రేవు పక్క వీధిలో. ముత్తాతల కాలంలో ఓడల మీద కూలి పనికి సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు అక్కడే స్థిరపడిపోయాయి. గంట తాత పుట్టింది ఆ ఊళ్ళోనే, తండ్రి పుట్టిందీ అక్కడే. అయినా వాళ్ళ నల్లని ఒంటిరంగూ, రింగులు తిరిగిన జుట్టూ చూసి ఊరు ఇప్పటికీ వాళ్ళను 'రేవువాళ్ళు' అనే పిలిచేది. "మీ దేశం ఎప్పుడైనా వెళ్ళొస్తుంటారా?" అని బస్సెక్కినవాళ్ళు అడిగితే, "రోజూ వెళ్తూనే ఉన్నానండీ, ఇదిగో ఈ బస్సులోనే" అని డ్రైవరు నవ్వేసేవాడు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా ఉండేది కాదు.

ఆ ఏడాది బడి వార్షికోత్సవానికి విద్యాశాఖ అధికారి వస్తున్నారని బృందగానం ఒకటి సిద్ధం చేయమన్నారు. పాడాలనుకున్న పిల్లలందరూ రావచ్చని చెప్పగానే గంట అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. సంగీతం మాస్టారు పిల్లల్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి వరసలు కట్టించాడు. రేవు పిల్లలందరినీ ఏరి చివరి వరసలో నిలబెట్టాడు.

"మీరు గొంతు బయటికి రానివ్వకండి. పెదవులు కదిపితే చాలు," అన్నాడు వాళ్ళకు మాత్రం వినబడేలా.

"ఎందుకు సార్?" గంట అడిగింది.

"మీ యాస వేరు. మిగతావాళ్ళతో కలవదు. పాట పాడైపోతుంది."

"మేమింకా పాడనే లేదు కదా సార్. మీరెప్పుడు విన్నారు?"

"ఎదురు చెప్పకు. చెప్పింది చెయ్యి."

ఆ సాయంత్రం తండ్రి బంగాళాదుంపల తొక్కు తీస్తుంటే గంట ఎదురుగా చతికిలబడి జరిగిందంతా చెప్పింది. డ్రైవరు చేతిలో చాకు ఆగిపోయింది.

"పోనీలేవే," అంది తల్లి. "స్టేజీ మీద నిలబెడుతున్నారు కదా. మా రోజుల్లో అదీ లేదు. గొడవెందుకు?"

"నిలబెట్టడం కాదమ్మా, దాచిపెట్టడం," అంది గంట.

మర్నాడు డ్యూటీ మధ్యలో వీలు చూసుకుని, ఖాకీ చొక్కాతోనే డ్రైవరు బడికి వెళ్ళాడు. బడిని నడిపే పెద్ద మేడమ్ గది గోడ మీద రంగురంగుల చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్న బొమ్మ ఉంది. దాని కింద 'మా బడిలో అందరూ సమానమే' అని పెద్ద అక్షరాలు. ఆమె మర్యాదగానే కూర్చోమంది.

"మేడమ్, గొంతు బాగోలేదని తీసేస్తే నేను కిక్కురుమనను," అన్నాడు డ్రైవరు. "కానీ వినకుండానే కాదన్నారు. మొహం చూసి గొంతెలా ఉంటుందో ఎలా తెలుస్తుందండీ?"

"మీరు అనవసరంగా పెద్దది చేస్తున్నారు. మేం అందరికీ అవకాశం ఇచ్చాం. మీ అమ్మాయి వెనక వరసలో ఉంది కదా. ఫొటోలో కూడా పడుతుంది."

"ఫొటోలో పడటానికి పాటెందుకండీ?"

పెద్ద మేడమ్ మొహంలో మర్యాద కాస్త తగ్గింది. "మీకంత ఇబ్బందిగా ఉంటే అమ్మాయిని తప్పించేద్దాం. సరేనా?"

డ్రైవరు విసురుగా లేచి బయటికొచ్చాడు. ఆ రోజు ఒక స్టాపులో బస్సు ఆపడమే మర్చిపోయి ప్రయాణికుల చేత చీవాట్లు తిన్నాడు. ఇంటికొచ్చి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మానేస్తావా తల్లీ? నీ ఇష్టం. ఏం చేసినా నేను నీ పక్కనే ఉంటా."

"మానెయ్యను. నేను మానేస్తే వాళ్ళకే హాయి."

మొదటి వరస మధ్యలో నిలబడి పాట ఎత్తుకునేది మందుల షాపువాళ్ళ అమ్మాయి. తెల్లగా, సన్నగా ఉండేది. ఎప్పుడూ వాగుతూ ఉంటుందని పిల్లలు ఆమెను చిలక అనేవాళ్ళు. ఇద్దరిదీ ఒకే బెంచీ. విరామంలో కుళాయి దగ్గర సీసాలు నింపుకుంటూ గంట ఆమెకు సంగతి చెప్పింది.

"ఉత్తుత్తినే పాడుతున్నారా?" చిలక నోరు వెళ్ళబెట్టింది. "వెనకనుంచి ఏమీ వినబడకపోతే మీకు పాట రాలేదేమో అనుకున్నా."

"నాకు నీకంటే బాగా వచ్చు."

"అబ్బో!" అంది చిలక. సీసా నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. "అయితే నేనూ అంతే చేస్తా. పెదవులు కదిపితే చాలన్నారుగా. అందరం అదే చేద్దాం."

ఆ మాట చెవినుంచి చెవికి పాకింది. కొందరు భయపడ్డారు. మాస్టారు చంపేస్తాడన్నారు. "ఆయన చెప్పిందే కదా చేస్తున్నాం, ఎందుకు చంపుతాడు?" అని చిలక దబాయించింది. ఐదో తరగతి కుర్రాడొకడు వాళ్ళ అమ్మకు చెప్పేస్తానని బెదిరించాడు గానీ, చెప్పలేదు.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. డ్రైవరు, అతని భార్య వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ముందు సోఫాలో అధికారి, పక్కన పెద్ద మేడమ్. మాస్టారు కీబోర్డు మీద పాట మొదలుపెట్టి, తల ఊపి సైగ చేశాడు.

పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. అన్ని వరసల్లోనూ పెదవులు చక్కగా, తాళం తప్పకుండా కదిలాయి. చప్పుడు మాత్రం లేదు.

మాస్టారు మైకు పోయిందనుకుని లేచి దాన్ని తట్టాడు. టక్ టక్‌మని హాలంతా మోగింది. మళ్ళీ కూర్చుని మొదటినుంచి వాయించాడు. మళ్ళీ అంతే. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వు కూడా ఆగిపోయింది. చిలక పెదవులు కదుపుతూనే ఉంది.

అధికారి ముందుకు వంగాడు. "ఏమైంది పిల్లలూ? గొంతులు పోయాయా?"

"పోలేదండీ!" చివరి వరసనుంచి గంట గొంతు మైకు లేకుండానే హాలు గోడలకు తగిలింది. "రేవు పిల్లలు గొంతు బయటికి రానివ్వకూడదన్నారు. పెదవులు కదిపితే చాలన్నారు."

"వాళ్ళని పాడనివ్వకపోతే మేమూ పాడం," అంది చిలక, ఏడుపు గొంతుతో.

మర్నాడు పెద్ద మేడమ్ గంట తల్లిదండ్రులను పిలిపించింది. మాస్టారు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధికారి మళ్ళీ వచ్చి పాట వింటానని చెప్పి వెళ్ళాడట. బడి పరువు తీసినందుకు గంట అందరి ముందూ తప్పయిందని చెప్పాలని, చెప్పకపోతే బడికి రావద్దని పెద్ద మేడమ్ అంది.

డ్రైవరు నోరు తెరిచేలోపే భార్య లేచి నిలబడింది. గొడవెందుకని అన్న మనిషి, పనిచోటునుంచి తడి చేతులతోనే వచ్చింది.

"మా అమ్మాయి చెప్పదు," అంది. "తప్పు చేస్తే చెంప పగలగొట్టి మరీ చెప్పిస్తాను. ఇది తప్పు కాదు. బడికి రావద్దంటే గేటు బయట కూర్చుంటుంది, పక్కన నేనూ కూర్చుంటాను. లోపల ఎవరు చదువుతున్నారో, బయట ఎవరు కూర్చున్నారో వచ్చేపోయేవాళ్ళు చూస్తారు."

"నాకు రంగూ గింగూ పట్టింపు లేదమ్మా," మాస్టారు చిరాగ్గా అన్నాడు. "నాకు పాట ముఖ్యం."

"అయితే పాటే వినండి. మధ్యలో తెర కట్టండి. తెర వెనక ఎవరున్నారో మీకు చెప్పరు. గొంతు నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే పొమ్మనండి. మీకు పట్టింపు లేనప్పుడు తెర ఉంటే నష్టమేముంది?"

మాస్టారుకు ఆ మాట రోషం తెప్పించింది. "కట్టించండి మేడమ్," అన్నాడు. అధికారి మళ్ళీ వచ్చేలోగా పాట సిద్ధం కావాలి గనక పెద్ద మేడమ్ కూడా తల ఊపింది, తప్పయిందని చెప్పించే మాట వదిలేసింది.

హాల్లో తెర కట్టారు. పిల్లలు ఒక్కొక్కరే దాని వెనకకు వెళ్ళి రెండు చరణాలు పాడారు. మాస్టారు కొందరిని ఉంచాడు, కొందరిని వద్దన్నాడు. ఒక గొంతు దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచాడు. "మళ్ళీ పాడమ్మా," అన్నాడు. మళ్ళీ విన్నాడు. "మొదటి వరస. మధ్యలో," అన్నాడు. తెర పక్కనుంచి మూడో తరగతి పిల్ల ఒకతె బయటికొచ్చింది. రేవు పిల్ల. క్లాసులో హాజరు పలకడానికే భయపడేది. మాస్టారు ఆమెను చూసి కళ్ళు దించుకున్నాడు. అన్న మాట మాత్రం మార్చలేదు.

గంట పాడటం మొదలుపెట్టగానే తెర అవసరమే లేకపోయింది. హాల్లో అందరికీ తెలిసిపోయింది ఎవరో.

"ఆపమ్మా, ఆపు," అన్నాడు మాస్టారు. "శ్రుతి ఒకవైపు, నువ్వొకవైపు. సాధన చేసి మళ్ళీ రా."

పిల్లలు ఘొల్లున నవ్వారు. గంట బయటికొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మళ్ళీ వచ్చినప్పుడు కూడా తెర కడతారా?"

మాస్టారు ఒకసారి తెర వైపు చూశాడు. "కడతాను," అన్నాడు.

ఇంటికి నడుస్తుంటే తండ్రి ఆమె సంచీ తన భుజానికి తగిలించుకున్నాడు. "బాధగా ఉందా?"

"చాలా ఉంది," అంది గంట ముక్కు తుడుచుకుంటూ. "కానీ ఇది వేరే బాధ నాన్నా. విని వద్దన్నారు."

అధికారి వచ్చిన రోజు బృందం పాడింది. మూడో తరగతి పిల్ల, చిలక పక్కపక్కన నిలబడి పాట ఎత్తుకున్నారు. గంట కింద కూర్చుని అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాతి సోమవారం పెద్ద మేడమ్ గది తలుపు దబదబ మోగింది. ఆమె తలెత్తి చూస్తే గుమ్మంలో గంట.

"మేడమ్, క్లాసు లీడర్లని ఎలా ఎంచుతారు?"

"ఎందుకు?"

"నేను బడిలో చేరినప్పటినుంచీ ఒక్క రేవు పిల్ల కూడా లీడరు కాలేదు. ఎందుకో తెలుసుకుందామని వచ్చా."

పెద్ద మేడమ్ పెన్ను పక్కన పెట్టింది. కసిరి పంపించేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల కదిలేలా లేదు.

"లోపలికి రా," అంది. "కూర్చో."