ఇరవై రెండు గింజలు

మార్చి పన్నెండు, ఉదయం ఆరున్నర. మార్టూరు నర్సరీలో మిగిలిన ఒకే ఒక్క ఫ్రైలియాకు కాయ పగిలింది.

ఏసోబు ఆ మొక్క చుట్టూ పసుపు గీతలా పోశాడు. చీమలు ఆ గింజల్ని ఎత్తుకుపోతాయి.

ఫ్రైలియా పరాగ్వే, ఉరుగ్వే వైపు రాళ్ల సందుల్లో మొలిచే జెముడు. రూపాయి బిళ్లంత ఉంటుంది. మొగ్గ చాలాసార్లు విచ్చుకోదు, మూసుకునే ఉండి లోపల గింజ కడుతుంది. ఆ గింజ నిలవ ఉండదు. తాజాగా చల్లితేనే మొలుస్తుంది.

నవంబరు దాకా అలాంటి మొక్కలు రెండు వందల నలభై ఉండేవి. వాటికి గ్రానైటు ముక్కల్ని జల్లెడ పట్టి, ఏడు నీళ్లు కడిగి కుండీల్లో పోయాలి. ఏసోబు ముప్పై ఒక్క ఏళ్లు గ్రానైటు పాలిషింగ్ యూనిట్లలో చేసి నర్సరీకి వచ్చాడు. అక్టోబరులో జల్లెడ పట్టడానికి ఊపిరి చాలలేదు. యూనిట్ల వెనక గుట్టగా పడి ఉండే పాలిషు పొడి తెచ్చి నింపాడు. రాయి పొడీ రాయే అనుకున్నాడు. తుఫాను వానకు పొడి సిమెంటులా బిగిసింది. వేర్లు కుళ్లాయి. విడిగా పగిలిన టీ కప్పులో ఉన్న మొక్క ఒక్కటే బతికింది.

యజమాని శేషాచలం గారు రిటైరైన బోటనీ లెక్చరరు. ఆ మొక్కల్ని ఆరేళ్లు గింజ నుంచి పెంచారు.

"వాన కొట్టిందండి" అని అప్పుడు ఆయనతో చెప్పాడు ఏసోబు, పొడి మాట ఎత్తలేదు.

"పోనీలేవయ్యా" అన్నారు ఆయన. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఈ పొద్దున ఎనిమిదింటికి కూతురు ఫెబా ఫోన్ చేసింది.

"నాన్నా, పది గంటల బస్సుకు ఒంగోలు పోదామన్నావుగా. డాక్టరు గారు ఇవ్వాళే ఆసుపత్రిలో చేరమన్నారు."

"సాయంత్రం పోదాంలే."

"నీ రాళ్లు ఎక్కడికీ పోవు."

"గింజలు పోతాయమ్మా."

పక్క పాలిషింగ్ యూనిట్లో పనిచేసే సైదా అరబస్తా రాతి ముక్కలు తెచ్చి దించాడు. ఏసోబు మొహానికి తడి తువ్వాలు కట్టుకుని జల్లెడ పట్టాడు. పది సార్లు ఊపి కూర్చుంటాడు. దగ్గి, లేచి, మళ్లీ ఊపుతాడు. ముక్కల్ని బకెట్లో పోసి కడిగాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"ఏం మామా, ఎసట్లో పోస్తావా ఏంది?" అన్నాడు సైదా.

"నువ్వు తినేట్టుంటే నీకూ పోస్తాలేరా."

"ఇటివ్వు, నేను కడుగుతా."

"నువ్వు మూడు నీళ్లకే ఆపుతావు."

ఏడో నీళ్లలో బకెట్ అడుగు కనిపించింది. అప్పటికి మూడయింది.

తెల్ల కాగితం మీద కాయ విదిలించి లెక్కపెట్టాడు. ఇరవై రెండు. తడిపిన చీపురుపుల్ల కొసతో ఒక్కో గింజా ఎత్తి, కడిగిన ముక్కలు పోసిన ట్రేలో పెట్టాడు. ట్రేను నీళ్ల పళ్లెంలో ఉంచాడు. తడి అడుగు నుంచి పైకెక్కాక గాజు పలక మూశాడు.

నాలుగున్నరకు శేషాచలం గారి కారు ఆగింది. ఫెబా లోపల కూర్చుని ఉంది. ఏసోబు గోడ పట్టుకుని లేచాడు.

"అయ్యగారూ, ఆ వాన సంగతి..."

దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

"వాన సంగతి ఇప్పుడెందుకయ్యా? ముందు కారెక్కు."

"చీటీ రాయాలండి."

ప్లాస్టిక్ ముక్క మీద పెన్సిలుతో రాసి ట్రేలో గుచ్చాడు. ఆ తర్వాతే ఎక్కాడు.

మద్దిపాడు దాటాక ఫెబా భుజం మీద తల వాల్చాడు. ఒంగోలులో పిలిస్తే పలకలేదు. ఆరుంపావుకు డాక్టరు నాడి చూసి, ప్రాణం పోయిన టైము కాగితం మీద వేశారు.

మార్చి ఇరవై ఒకటిన గాజు పలక కింద తొమ్మిది మొలకలు కనిపించాయి. శేషాచలం గారు కళ్లజోడు పెట్టుకుని చీటీ చదివారు.

"ఫ్రైలియా. 22 గింజలు. ఏడు నీళ్లు కడిగిన రాళ్లు. ఈసారి పొడి వేయలేదు."