ఖాళీగా వదిలే విద్య

ప్రశ్న చెవిన పడితే మనోరమ నోరు ఆగదు. చిన్నప్పుడు మేడిపల్లి బడిలో రెండో తరగతిలో కూర్చుని, గోడ అవతల అయిదో తరగతిని అడిగే ఎక్కాలకు ఇవతలి నుంచి జవాబులు చెప్పేది. పంతుళ్ళు గోడను ఎత్తు చేయించారు. ఆమె గొంతు పెంచింది.

అట్లాంటి పిల్ల జగిత్యాలలో బీఎస్సీ ముగించి ఎంసీఏ ఎంట్రెన్సు రాస్తే ఏమవుతుంది? ఆ పరీక్షలో ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. సరైనదాని పక్కనున్న సున్నను పెన్సిలుతో నల్లబెట్టాలి. తప్పు సున్న నల్లబెడితే, వచ్చిన మార్కుల్లోంచి కోస్తారు. మనోరమ ఒక్క ప్రశ్ననూ వదల్లేదు. తెలిసినవి పెట్టింది, తెలియనివి ఇంకా ధైర్యంగా పెట్టింది. కోతలన్నీ పోయాక మిగిలినవి చూసి, ఆ రోజు పరీక్షకు పోకుండా ఇంట్లో పడుకున్నవాడే ఆమెకన్నా మెరుగని జగిత్యాలలో చెప్పుకున్నారు.

"ఇంకొక్కపారి రాస్త బాపూ," అంది తండ్రితో.

"రాయి బిడ్డా. గీసారి గూడ సీటు రాకుంటే మాత్రం కోరుట్లల మీ చిన్నాయిన బడికి పోవాలె. ఒకటో తరగతి నీకే ఇస్తడట. కుర్చీ గూడ తుడిపిచ్చి పెట్టిండు."

ఆ కుర్చీ మనోరమకు కలలోకి వచ్చేది. ఊరికే రాదు, నాలుగు కాళ్ళమీద నడుచుకుంటూ వచ్చేది.

తండ్రి ప్రభాకర్ రావు ఒకప్పటి దొరల ఇంటివాడు. అన్నల, అంటే నక్సలైట్ల, కాలం ముదిరాక మేడిపల్లి ఇంటికి తాళం పెట్టి జగిత్యాల చేరాడు. లెక్కలు ఆయనకు రావు. కాని ఆ తాళం పెట్టేదాకా, పొద్దున పోలీసులూ పొద్దుగూకాక అన్నలూ అడిగే ప్రశ్నల మధ్య ఏళ్ళ తరబడి బతికి, ఒంటిమీద దెబ్బ పడకుండా బయటపడ్డ మనిషి.

"లెక్కలు నీకస్తయి. ఇడిసిపెట్టుడే రాదు," అన్నాడు. "గది నేను నేర్పుత."

ఇక రోజూ పొద్దున వరండాలో పాఠం.

"ఎస్సై అచ్చిండు. నిన్న మీ ఇంట్ల బువ్వ తిన్నదెవలని అడిగిండు. ఒకటి, అన్నలు. రెండు, చుట్టాలు. మూడు, ఎవలు తినలే. నాలుగు, యాదికి లేదు. ఏది పెడతవు?"

"మూడు."

"తప్పు. పెంటమీద ఇస్తరాకులు చూసినంకనే లోపలికచ్చిండు."

"అయితే రెండు."

"ఏ చుట్టాలంటడు. పేర్లు చెప్తే వాళ్ళను గుంజుకపోతడు. కోత."

"నాలుగు?"

"యాదికి లేనోళ్ళకు స్టేషన్ల యాదికి తెప్పిస్తరు."

"ఒకటైతే పెట్టనే రాదు. మరి ఏం పెట్టాలె బాపూ?"

"ఏం పెట్టద్దు. కూసోండ్రి సారూ, చాయ్ తాగుతరా అనాలె."

"పరీక్షల చాయ్ ఎవలకు పొయ్యాలె?"

"పెన్సిలు కింద పెట్టుడే చాయ్ పోసుడు."

వంటింట్లోంచి తల్లి సత్యవతి అందుకుంది. "ఆయన ముచ్చట గంతే బిడ్డా. పెండ్లిచూపులల్ల పిల్ల నచ్చిందా అని అడిగితే చాయ్ మంచిగున్నదన్నడు. ఇప్పటిదాక జవాబు రాలే."

మనోరమ మెల్లమెల్లగా దారికి వచ్చింది. పక్కింటి రాధమ్మ ఏం కూర వండిండ్రని అడిగితే, "వేడివేడిగున్నదత్తా," అని ఊరుకునేంత దాకా వచ్చింది.

పరీక్ష కరీంనగర్‌లో. తండ్రీ బిడ్డా తెల్లవారకముందే బస్సెక్కారు. మల్యాల దాటాక రోడ్డుకు అడ్డంగా నరికిన చెట్టు, దాని పక్కన పోలీసు జీపు. ఎస్సై బస్సెక్కాడు.

"ఎవలు నరికిండ్రు? ఎటు పోయిండ్రు? భయపడకుండ చెప్పుండ్రి. చెప్పినోళ్ళను ఏమనం."

ముందు సీట్లో లింగవ్వ అనే ముసలామె ఉంది. అంతకు కాసేపటి ముందే కిటికీలోంచి చూసి, కోసెడు దూరాన మేస్తున్న మేక కుంటుతోందనీ, అది ఎడమ కాలేననీ చెప్పింది ఆమే.

"నాకు చూపానదు సారూ," అంది ఇప్పుడు.

చూపు ఆననిది లింగవ్వకొక్కదానికే కాదు, బస్సు బస్సంతటికీ. మనోరమ మాత్రం గొడ్డళ్ళతో గుట్టదారి పట్టిన మనుషులను బస్సు ఆగకముందే చూసింది. జవాబు గొంతులో ఎలుకపిల్లలాగా తన్నుకుంటోంది.

"సారూ," అంది మనోరమ, "ఉరుక్కుంట అచ్చినట్టున్నరు. మంచినీళ్ళు తాగుతరా?"

ఎస్సై ఆమె సీసా ఖాళీ చేసి దిగిపోయాడు. ప్రభాకర్ రావుకు ర్యాంకు అక్కడే వచ్చినట్టయింది. ప్రయాణికులంతా దిగి చెట్టును పక్కకు ఈడ్చారు, బస్సు కదిలింది.

పరీక్ష గదిలో కాపలా ఉన్నది సిరిసిల్ల కాలేజీలో పాఠాలు చెప్పే జాఫర్ సారు. కాగితాలు పంచి, చేతిలోని చీటీ చూసి పైకి చదివాడు: "ఈసారి తప్పు జవాబులకు మార్కులు కోయబడవు. అభ్యర్థులు భయపడకుండా అన్ని ప్రశ్నలకూ జవాబులు గుర్తించవచ్చును."

గది గదంతా బిగుసుకుపోయింది. అందులో ఉన్నది సారంగాపూర్, మల్యాల, సిరిసిల్లల పిల్లలు. భయపడకుండా చెప్పండి, ఏమీ అనం అన్న మాట వాళ్ళు ఇదివరకు విన్నదే, ఆ తర్వాత జరిగిందీ చూసిందే.

మనోరమ లేచి నిలబడింది. "సార్, నిజంగనే కొయ్యరా?"

జాఫర్ సారు తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. "సదువుమన్నరు, సదివిన. నాకేమెరుక?"

"మీకే ఎరుక లేకుంటే ఎవలకుంటది సార్?"

"మంచినీళ్ళు తాగుతవా బిడ్డా?"

ఇంకేం అడుగుతుంది? తండ్రి చదివిన బడిలోనే ఈయనా చదివాడని తెలిసిపోయింది. కూర్చుని, వచ్చినవన్నీ పెట్టి పెన్సిలు కింద పెట్టింది. మిగిలిన సున్నలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. చుట్టూ అందరి పెన్సిళ్ళూ కిందే ఉన్నాయి.

పెట్టిన వాటితో సీటు రాదని ఆమెకు తెలుసు. కోరుట్ల కుర్చీ గదిలోకి నడిచి వచ్చి పక్కన నిలబడ్డట్టనిపించింది. ఎస్సైకి జీపుంది, అన్నలకు అడవి ఉంది అనుకుంది. ఈ కాగితాన్ని చూసేది ఏదో మిషను. దానికి జీపూ లేదు, అడవీ లేదు. ఇంటి దాకా వచ్చి అడగదు కదా. కోస్తే కుర్చీ, కొయ్యకుంటే సీటు. ఖాళీగా వదిలితే మాత్రం ఎటు తిరిగీ కుర్చీయే.

పెన్సిలు తీసుకుంది. ఇన్ని నెలలు బిగబట్టిన నోరంతా వేళ్ళలోకి దిగింది. గరగరమన్న చప్పుడుకు ముందు బెంచీ సారంగాపూర్ పిల్లవాడు వెనక్కి తిరిగి, చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా జాలిగా చూశాడు.

సీటు వచ్చింది. ఆ గదిలో ఇంకెవరికీ రాలేదు.

ప్రభాకర్ రావు పేరు జగిత్యాల దాటి సిరిసిల్ల దాకా పోయింది. హోటలులో కూర్చుంటే చాలు, లెక్కలు రాకుండా ర్యాంకు తెప్పించిన మనిషని చూపించేవాళ్ళు. చుట్టపక్కాలు తమ పిల్లలను తెచ్చి వరండాలో కూర్చోబెట్టారు. ఎవరికి ఏ ప్రశ్న వేసినా పెన్సిలు కింద పెట్టడం నేర్పుతున్నాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, బజారులో ఎవరో ఏదో అన్నారని చెమటలు కక్కుకుంటూ ఇంటికి వచ్చాడు. మనోరమ పెట్టె సర్దుకుంటోంది. వరండాలో పిల్లలు చెవులు రిక్కించారు.

"బిడ్డా, గీసారి కోతనే లేదంటున్నరు. నిజం చెప్పు. ఎన్ని ఖాళీగ ఇడిసిపెట్టినవు?"

జవాబు గొంతు దాకా వచ్చింది. మనోరమ తండ్రి మొహం చూసింది, వరండా వైపు చూసింది.

"ఎండలకెల్లి అచ్చినవు బాపూ. చాయ్ తాగుతవా?"

ప్రభాకర్ రావు కండువాతో మొహం తుడుచుకుని వరండా వైపు తిరిగాడు.

"ఇన్నరా పిల్లలూ? గిట్ల చెప్పాలె."