గాలిలో బిగించిన బోల్టులు

"కారు అదురుతోంది బాబాయ్!" అని ఫోనులో ముహన్నద్ మొత్తుకుంటే, మెకానిక్ అబు షాదీ ఎడమ చెవికి అది "కారు అదిరింది బాబాయ్!" అని వినబడింది. సైలెన్సర్లు పీకేసిన కార్ల పక్కన ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డ చెవి అది. చివరికి దానికే సైలెన్సర్ పడింది.

"సంతోషం నాయనా. నాదేముంది, అంతా దేవుడి దయ" అన్నాడాయన.

"దయేమిటి? ఉండు, వస్తున్నా!"

"రా, రా. నాన్నగారినీ తీసుకురా" అని ఫోను పెట్టేసి, పక్క కొట్టు రజాయీకి చెప్పాడు. టైర్ల రజాయీ పేరుకే రజాయి. ఏ మాటనైనా కప్పిపెట్టడం ఆయన వల్ల కాదు. పది నిమిషాల్లో వార్త బయాదర్ వీధి చివర రేడియేటర్ల కొట్టుదాకా పాకింది. రంజాన్ నెల, మధ్యాహ్నం మూడు గంటలు. కడుపుకి మేత లేనప్పుడు కంటికైనా ఉండాలి కదా! అరడజను మంది పనులొదిలి అబు షాదీ గేటు దగ్గర చేరారు.

ఆ కారు మీద వీధికంతా కన్నుంది మరి. ముహన్నద్‌ది రెండు తలుపుల పాత బీఎండబ్ల్యూ. పండగ వెళ్ళాక జరిగే కొండ పందెం కోసం దాని కాళ్ళూ కీళ్ళూ మొత్తం మార్చారు. పాత షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు తీసేసి, ఎత్తు తగ్గించుకునే మరలున్న కాయిలోవర్లు వేశారు. చక్రాల్ని పట్టి ఉంచే ఇనుప చేతులు కొత్తవి, వాటి చివర రబ్బరు బుష్‌లు కొత్తవి. మూడు రోజుల పని. చేసింది అబు షాదీ, ఆయన క్రైస్తవ భాగస్వామి జిర్యేస్. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరికీ ఒకటే గ్యారేజీ, ఒకటే బోర్డు, తలా ఒక తాళంచెవి. ఇన్నేళ్ళలో ఇద్దరి మధ్య అబద్ధం దొర్లలేదు, దొర్లినవల్లా టైర్లే.

కారు వచ్చింది. వచ్చిందనడం కంటే గెంతిందనడం న్యాయం. వీధి మొగలో గుంట తగిలి వెనకభాగం ఎగిరి, పక్కకి ఒక అడుగు వేసి, గేటు ముందు ఆగింది. చక్రానికీ మడ్గార్డుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాల్సిన చోట నాలుగు వేళ్ళు దూరేలా ఉంది.

"మబ్రూక్, అభినందనలు!" అన్నాడు రజాయీ.

"దేనికి? నా నడుం విరిగినందుకా?" అంటూ దిగాడు ముహన్నద్. అతని తండ్రి, సైన్యంలో బళ్ళ మరమ్మతు చేసి రిటైరైన హాజీ ఫవ్వాజ్, జపమాల తిప్పుకుంటూ లోపలే కూర్చున్నాడు.

"అదిరిందన్నావు కదరా!" అన్నాడు అబు షాదీ.

"అదురుతోందన్నాను! వాదీ సీర్ మలుపులో గతుకు తగిలితే వెనక చక్రం నేల వదిలేసింది బాబాయ్. సామానన్నా నకిలీ అయ్యుండాలి, పనన్నా నకిలీ అయ్యుండాలి."

గేటు దగ్గర నవ్వులు ఆగాయి. సస్పెన్షన్ పని కాస్తా సస్పెన్సులో పడింది.

హాజీ లోపల ఉండగానే అబు షాదీ కారుని గ్యారేజీలోని పని గుంట మీదికి ఎక్కించి, తను గుంటలోకి దిగాడు. బోల్టుల తలల మీద పసుపు గీతలున్నాయి. బిగింపు పూర్తయిందనడానికి వాళ్ళ గుర్తు అది. వెనక చక్రం వైపు ఒక బోల్టుకి స్పానర్ వేసి వదులు చేశాడు. 'ఠప్' మని ఇనుప చెయ్యి మెలి విడిపించుకుంది. కారు ఆ మూల కిందికి కుంగింది. ఆయనకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇది కారు గాలిలో వేలాడుతుండగా బిగించిన బోల్టు. చక్రాలు నేలకి ఆనాకే దీన్ని బిగించాలని జిర్యేస్‌కి నేర్పింది తనే.

"జిర్యేస్! ఈ పసుపు గీతలు ఎవరు పెట్టారు?" గుంటలోంచే అడిగాడు.

"నేనే. మొన్న నువ్వు నమాజుకి వెళ్ళాక."

"బిగించింది?"

"నువ్వే కదా."

"నేనా? చేత్తో తిప్పి వదిలేశాను. అజాన్ వినబడింది, ఇఫ్తార్‌కి లేచాను. మిగతాది నువ్వు చూస్తావనుకున్నా."

"నేను కారు దించి స్పానర్ వేస్తే అన్నీ అప్పటికే బిగిసి ఉన్నాయి, వెయ్యగానే టిక్కుమన్నాయి. నువ్వే ఒకసారి దించి, బిగించి, ఆయిల్ కారుతోందేమో చూడ్డానికి మళ్ళీ ఎత్తావనుకున్నా. ఎత్తు తగ్గలేదేంటంటే, కొత్త స్ప్రింగులు కదా, తిరిగితే కూర్చుంటాయిలే అనుకున్నా."

"మరి బోల్టులు వాటంతటవే బిగుసుకున్నాయా? మన మీద అలిగాయా?" అబు షాదీ పైకొచ్చాడు. "ఈ గ్యారేజీకి తాళంచెవులు రెండు. ఒకటి నాది."

అన్నాక నాలిక కరుచుకున్నాడు గాని, మాట అప్పటికే గేటు దాకా వెళ్ళిపోయింది.

జిర్యేస్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "నేను తప్పు చేసిన ప్రతిసారీ నీకు చెప్పాను. గేర్‌బాక్సులో గుడ్డముక్క మర్చిపోయింది కూడా నేనే చెప్పాను. ఇది నేను చెయ్యలేదు. నమ్మకపోతే రెండూ నీ దగ్గరే ఉంచుకో."

అబు షాదీ తాళంచెవి వైపు చూశాడు. తీసుకుంటే జిర్యేస్ అబద్ధాలకోరని ఇందరి ముందూ ముద్ర వేసినట్టే. తీసుకోకపోతే ఆ బోల్టులు బిగించింది ఎవరు? తను కాదు. ఆకలి మీద మతిపోయి తనే బిగించి మర్చిపోయాడా? లేదు, చేతులకి గుర్తుంటుంది. చెయ్యి బల్ల దాకా వెళ్ళి ఆగింది.

కారు తలుపు తెరుచుకుంది.

"ఉస్తాద్, ఆ తాళంచెవి ఆయనకిచ్చెయ్యి" అన్నాడు హాజీ ఫవ్వాజ్. "బిగించింది నేను."

"నాన్నా!"

"నువ్వాగు. మొన్న ఇఫ్తార్‌కి నేను ఖతాయెఫ్ మిఠాయి పట్టుకొచ్చానా? మీరంతా చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. ఎత్తి ఉన్న కారు కింద నిలబడి చూస్తే, బోల్టులు వేళ్ళకే తిరుగుతున్నాయి! మావాడు ఈ బండిలో కొండెక్కాలి. నా గుండె జారిపోయింది."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా హాజీ!"

"ఎలా చెప్పమంటావు? నీ పళ్ళెంలో తింటూ, నీవాళ్ళ ముందు, బోల్టులు మర్చిపోయావు ఉస్తాద్ అని? ఉపవాసం ఉన్న మనిషి పొరపాటు కప్పాలి గాని బయటపెడతామా? అందుకే గబగబా బిగించి, స్పానర్ ఎక్కడిదక్కడ పెట్టేశా. ఇందాకా కూడా నీ పరువు కాపాడుతున్నాననే నోరు మూసుకున్నా. ఇరవయ్యారేళ్ళు సైన్యం ట్రక్కులు బిగించిన చెయ్యయ్యా ఇది! వాటికి ఎత్తినా దించినా ఒకటే."

అబు షాదీ తాళంచెవి తీసి జిర్యేస్ చొక్కా జేబులో వేసి, పైన గుండీ పెట్టాడు. "తప్పు నాది. తిట్టాలనుంటే ఇఫ్తార్ అయ్యాక తిట్టు. ఇప్పుడైతే నేనూ తిరిగి తిడతాను, నా ఉపవాసం గంగలో కలుస్తుంది."

"నాకు ఉపవాసం లేదుగా. ఇప్పుడే తిడతా" అన్నాడు జిర్యేస్. అని, తిట్టలేదు.

"అదంతా సరే" రజాయీ ఇక ఉండబట్టలేకపోయాడు. "గట్టిగా బిగిస్తే కారుకి నొప్పేమిటి? వదులుగా ఉంటే కదా ప్రమాదం?"

"ఇలా రా. కడుపు లోపలికి పీల్చు." అబు షాదీ అతని బెల్టు పట్టుకుని రెండు చిల్లులు ముందుకి లాగి బిగించాడు. "ఇలాగే పోయి, ఇఫ్తార్‌లో రెండు పళ్ళేల మన్సఫ్ లాగించి, నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చో. కూర్చోగలవా?"

"చస్తాను. ఎగిరి పడతాను."

"కారూ అంతే. గాలిలో వేలాడేటప్పుడు దాని కడుపు ఖాళీ. అప్పుడు బిగిస్తే రబ్బరుకి ఆ కొలతే ఖాయమైపోతుంది. దించగానే బండి బరువంతా మీద పడుతుంది, రబ్బరు మెలి తిరిగి బండిని పైకి నెడుతుంది. అందుకే ఎత్తు తగ్గలేదు, గతుకులో చక్రం నిలవలేదు. ముహన్నద్, నీ సామాను అసలుదే, మా పనీ అసలుదే. కాకపోతే సగంలో ఉంది. ఆ సగం పనిని మీ నాన్న నీ మీద ప్రేమకొద్దీ బిగించాడు. జిర్యేస్ నా మీద నమ్మకంకొద్దీ గీత గీశాడు. నేను వాడి మీద నమ్మకంకొద్దీ చూడకుండానే కారు నీ చేతిలో పెట్టాను. ఇంతే జరిగింది. ఇప్పుడు చక్రాలు నేల మీదే ఉన్నాయి గనక, ఆ మిగతా బోల్టులు కూడా వదులు చేసి, అన్నీ మళ్ళీ బిగిస్తాం."

"ముందు నా బెల్టు వదలండిరా!" అన్నాడు రజాయీ.