కార్డు చదవని డాక్టరు

సుశీలకు కోపం వస్తే పక్కనున్న నీళ్లు మరిగేవి. వాళ్లుండే మోవా పేటలో అందరికీ తెలిసిన సంగతే. గ్యాస్ అయిపోయిన రోజు పక్కింటి త్రివేణి టీ గిన్నె పట్టుకొచ్చి, "అక్కా, మీ ఆఫీసు సంగతులు చెప్పండి" అని ఎదురుగా కూర్చునేది.

ఆ కోపం మొదలైంది పదేళ్ల కిందట, గొంతునొప్పికి వేసిన పెన్సిలిన్ ఇంజక్షన్‌తో. ఐదు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడక చావుదాకా వెళ్లొచ్చింది. అప్పట్నుంచి పర్సులో ఓ కార్డు పెట్టుకుంది: ‘పెన్సిలిన్ జాతి మందులేవీ ఇవ్వకూడదు.’ ఏ మాత్రైనా అట్ట వెనక ఉన్న అసలు పేరు చదవందే మింగేది కాదు.

ఈ ఏడు వానాకాలంలో ఇనుపరేకు కోసుకుని కాలికి చీము పట్టింది. భర్త ఎలీషా టాటీబంధ్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లాడు. సుశీల తన కార్డు డాక్టరు ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకు నెట్టి చీటీ రాసేశాడు.

వార్డులో నర్సు జెస్సీ మందు కలుపుతుంటే సుశీల సీసా మీద పేరు చూసింది. అమాక్సిసిలిన్.

"ఇదీ పెన్సిలినేనమ్మా. నాకు పడదు."

"పేరు వేరు కదా ఆంటీ. సర్ రాశారు."

డాక్టరు వచ్చాడు. "అందరికీ ఎలర్జీయే!" అని హిందీలో విసుక్కున్నాడు. "టెస్ట్ డోస్ ఇచ్చి చూడు."

"పోనీలే సుశీలా, పెద్ద డాక్టరు" అని గొణిగాడు ఎలీషా.

"పెద్ద డాక్టరా? నేను పోతే పెట్టెలో పెట్టుకునేది మీరు, ఆయన కాదు! ఒక్క ముక్క చదవడానికి ఈయనకి కళ్లు లేవా?"

జెస్సీ చేతిలో సిరంజి కుతకుతలాడింది. వేళ్లు కాలి ట్రేలో పడేసింది.

"ఇంకోటి కలుపు" అన్నాడు డాక్టరు.

అదీ మరిగింది. మూడోదీ మరిగింది. స్టాకంతా పాడవుతోందని చిరాకుపడి, అప్పుడు చదివాడు కార్డు. చదివి, వేరే జాతి మందు రాసి వెళ్లిపోయాడు.

"నా ప్రాణానికి కాదు, సీసాలకు జాలిపడ్డాడు" అంది సుశీల. ఆమె కోపం తగ్గలేదు.

జెస్సీ కాలిన వేళ్లు కుళాయి కింద పెట్టుకుని, పక్క మంచం దగ్గరికి వెళ్లింది. అక్కడ బీర్‌గావ్ నుంచి వచ్చిన ఒక పాపకీ అమాక్సిసిలినే రాసుంది. సూది తీయబోయి ఆగింది. పాప తల్లిని అడిగింది: "ఇంతకుముందు ఏ మందైనా పడలేదా?"

"రెండేళ్ల కిందట సూదేస్తే మొహమంతా వాచింది. ఊపిరి ఆడలేదు. ఏ సూదో ఏమో... ఇంతవరకూ ఎవరూ అడగలేదు సిస్టర్."

జెస్సీ ట్రే అక్కడే వదిలేసి, పాప కేస్‌షీటు తీసుకుని డాక్టరు గదివైపు నడిచింది. తలుపు తట్టలేదు. తోసింది.