ఎడమ చక్రం బొట్టు

"తప్పుకో కొమురయ్యా, తప్పుకో!"

చక్రవర్తి కేక పూర్తయ్యేలోగానే కారు మూతి కుడివైపుకు తిరిగింది. కొమురయ్య పానాల సంచీ వదిలేసి మెట్ల మీదికి గెంతాడు. పోర్టికో స్తంభానికి జానెడు దూరంలో కారు ఆగింది.

చక్రవర్తి దిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. "చూశావా? నడిచే వేగంతో వస్తూ తొక్కితేనే ఇంత లాగిందయ్యా. నిజామాబాదు నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను."

"సూసిన సార్," అన్నాడు కొమురయ్య.

రెండు నెలల క్రితం, మోస్రా దాటాక కాలువ వంతెన మీద, ఇదే కారు ఇలాగే కుడికి తిరిగి పిట్టగోడను గుద్దింది. అప్పుడు నడుపుతున్నది డ్రైవరు శ్రీధర్. వెనక సీట్లో చక్రవర్తి తల్లి రత్తమ్మ. అడ్డొచ్చిన గేదెను చూసి బ్రేకు తొక్కానని, తాను స్టీరింగు తిప్పలేదని, బండే గుంజిందని శ్రీధర్ మొత్తుకున్నాడు. రత్తమ్మ మణికట్టు విరిగింది. చక్రవర్తి కొమురయ్యను పిలిపించి ఒక్కటే మాట అడిగాడు, బ్రేకులు ఎలా ఉన్నాయని.

"పది దినాల కింద నేనే ఏసిన సార్ కొత్తయి. రాయి లెక్కున్నయి," అన్నాడు కొమురయ్య, కారు వైపు వంగి కూడా చూడకుండా.

ఆ మాటతో శ్రీధర్ పని పోయింది. ఫోను చూస్తూ నడిపాడన్నారు. కునుకు తీశాడన్నారు. చుట్టుపక్కల క్యాంపు ఊళ్ళలో ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. కారు ఇన్నాళ్ళూ నిజామాబాదు షెడ్డులో పడి ఉంది. సొట్ట సరిచేసి రంగు వేసినవాళ్ళు బ్రేకుల జోలికి పోలేదు.

ఇప్పుడు కొమురయ్య వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాడు. ఎడమ ముందు చక్రం బోల్టులు కొద్దిగా వదులు చేసి, జాకీతో బండి ఎత్తి, చక్రం ఊడదీశాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టు రాలేదు. పానా మీద మోకాలు వేసి నొక్కితే కీచుమని కదిలింది. క్యాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకు వేలాడగట్టాడు. యాభై తొమ్మిదేళ్ళ నడుము పట్టేసింది. కాసేపు అలాగే చతికిలబడ్డాడు.

చక్రవర్తి డిక్కీలోంచి రెండు అట్టపెట్టెలు తెచ్చి పక్కన పెట్టాడు. "కొత్త ప్యాడ్లు, డిస్కు ప్లేట్లు. షాపువాడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ప్లేట్లకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారంట. పెట్రోలుతో శుభ్రంగా కడిగి బిగించాలంట. నూనె అంటితే ప్యాడు పీల్చేసుకుంటుందంట, ఇక బ్రేకు పట్టదంట."

కొమురయ్య చెయ్యి జేబు దగ్గర ఆగిపోయింది. జేబులో ఇత్తడి భరిణె ఉంది.

ఇరవై మూడేళ్ళు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు అతను. ఏటా మొదటి చెరుకు పడేముందు కొత్త రోలరుకు నువ్వుల నూనెలో కలిపిన కుంకుమ పెట్టేది కొమురయ్య బొటనవేలే. ముందు నూనె ధారగా పోసి, తర్వాత బొట్టు పెట్టేవాడు. వరుసలో మొదటి రోలరుకే ఆ మర్యాద. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ భరిణె ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంటింటికీ తిరిగి మోటార్లు, ట్రాక్టర్లు బాగుచేస్తున్నా, మొదట బిగించే సామానుకు నూనె, బొట్టు లేకుండా పని మొదలుపెట్టడు. ఇనుముకు నూనె ఎప్పుడూ చెడు చేయలేదు.

డిస్కు బ్రేకు సొంతంగా మార్చింది మాత్రం, ఆ ప్రమాదానికి పది రోజుల ముందు, ఈ ఇంట్లోనే మొదటిసారి. ఆ రోజు ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. ప్లేటు మీద నూనె ధార పోశాడు. ప్యాడు వీపున బొట్టు పెట్టాడు.

ఇప్పుడు ఆ ప్యాడు ఊడి చేతిలోకి వచ్చింది. ముఖం నల్లగా, గాజులా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన నువ్వుల నూనె వాసన. తిప్పి చూశాడు. ఇనుప వీపు మీద బొటనవేలంత ఎర్రటి మచ్చ, మధ్యలో అడ్డంగా ఒక గీత. ఎప్పుడో గేరు పళ్ళలో పడి చీరుకుపోయిన తన బొటనవేలి గీతే అది.

ఎడమ పట్టలేదు, కుడి పట్టింది. బండి కుడికి తిరిగింది. పిలగాడు నిజమే చెప్పాడు.

"బాగున్నవా కాక?"

కొమురయ్య ఉలిక్కిపడి ప్యాడును మసిగుడ్డలో చుట్టేశాడు. గేటు దగ్గర శ్రీధర్. కొత్త చొక్కా, భుజాన పెద్ద సంచీ. వెనక అతని భార్య నిరోష.

"మస్కట్ పోతున్న. తోటపని. రెండేండ్లు," అన్నాడు శ్రీధర్. "అమ్మకు జెప్పిపోదమని వచ్చిన."

రత్తమ్మ గడప దాకా వచ్చింది. మణికట్టు ఇంకా వంకరగానే ఉంది. శ్రీధర్ ఆ చేతి వంక చూడలేక తల దించుకున్నాడు. "పోయొస్తనమ్మా. చెయ్యి ఎట్లున్నది?"

"ఉందిలే నాయనా. అక్కడన్నా జాగ్రత్తగా ఉండు. ఆ ఫోను కాస్త తగ్గించు."

శ్రీధర్ సంచీ భుజం మార్చుకున్నాడు. వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయినట్టుంది. కొమురయ్య వైపు తిరిగి, ఊడదీసిన చక్రం చూసి వంకరగా నవ్వాడు. "మల్ల బ్రేకులా కాక? రాయి లెక్కున్నయన్నవు గద?"

కొమురయ్య నోరు తెరిచాడు. మసిగుడ్డ చేతిలోనే ఉంది. విప్పితే చాలు. చక్రవర్తి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. ఇరవై మూడేళ్ళ ఫిట్టరు పేరు, ఈ క్యాంపుల్లో దొరికే పని, అన్నీ ఆ గుడ్డలోనే ఉన్నట్టనిపించింది.

"పైలంగ పోయిరా బిడ్డా," అన్నాడు.

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. శ్రీధర్ పరుగెత్తాడు. నిరోష కూడా వెనకే బస్సెక్కింది. తలుపు మూసుకున్న చప్పుడు, గేరు మారిన చప్పుడు వినిపించాయి, ఆ తర్వాత కాలువ నీటి చప్పుడే మిగిలింది.

కొమురయ్య పని చేశాడు. కొత్త ప్లేట్లను పెట్రోలుతో రెండుసార్లు కడిగాడు. క్యాలిపర్ పిస్టన్లను క్లాంపుతో లోపలికి నొక్కి కొత్త ప్యాడ్లు కూర్చాడు. రెండో చక్రమూ అయ్యాక, పెడలు గట్టిపడేదాకా తొక్కాడు. భరిణె జేబులోంచి తీసి అరుగు మీద పెట్టాడు, మూత తెరవలేదు.

చక్రవర్తి కారును గేటు దాకా నడిపి, తిప్పి తెచ్చి గట్టిగా బ్రేకు తొక్కాడు. తాడు పట్టి ఆపినట్టు నేరుగా ఆగింది.

"అదీ! ఇన్నాళ్ళూ తప్పు బ్రేకుదేనన్నమాట," అన్నాడు దిగుతూ. ఆ మాట అన్నాక అతని ముఖం మారింది. ఖాళీ అయిన బస్సుస్టాపు వైపు చూశాడు. "అంటే ఆ అబ్బాయి... ఆ పార్టులు డూప్లికేటువై ఉంటాయి. అంతేగా కొమురయ్యా? నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

తప్పించుకునే దారి దానంతటదే తెరుచుకుంది. ఊఁ అంటే చాలు.

గేటు కిర్రుమంది. నిరోష ఒక్కతే వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. కారు తాళంచెవి చక్రవర్తికి అందించబోయి, అతను చెయ్యి చాచకపోయేసరికి అరుగు మీద పెట్టింది.

"మీ కారుది రెండో చెవి సార్. బస్టాండు దాక ఎంట వోయిన, బస్సుల సంచి ఇప్పితె దొరికింది. ఇచ్చిరమ్మన్నడు, ఇంకో మాట మీద పడొద్దని." వెళ్ళబోయి ఆగింది. "నాతోని గూడ సక్కగ మాట్లాడలే కాక. 'నువ్వు గూడ నమ్మలేదు గద' అని నన్నన్నడు. నమ్మలే నేను. ఊరంత అంటుంటే ఎట్ల నమ్మాలె?"

కొమురయ్య మసిగుడ్డ విప్పాడు. ప్యాడును వీపు పైకి తిప్పి ఆమె అరచేతిలో పెట్టాడు. దాని పక్కన తన బొటనవేలు ఆనించాడు. గీతకు గీత సరిపోయింది.

"బండే గుంజింది బిడ్డా. నేను వోసిన నూనె వల్ల గుంజింది. పార్టులు మంచియే సార్," అన్నాడు. "వాడు ఫోను సూడలే, నిద్రవోలే. వాడు నా ముంగట నిలవడ్డప్పుడు గూడ నేను నోరు తెరవలే. తప్పు నాది. ఈ కొమురయ్యది."

రత్తమ్మ వంకర చేతిని మరో చేత్తో పట్టుకుని గడపలో కూర్చుండిపోయింది.

అరుగు మీద, మూత తీయని భరిణె పక్కన, తాళంచెవి పడి ఉంది. దాని రింగుకు శ్రీధర్ దిష్టికని కట్టిన నల్లదారం ముడి ఇంకా వదులు కాలేదు.